అధ్యక్షుడి పేరు సైజు

నాకు కోపం త్వరగా రాదు. వస్తే త్వరగా పోదు. ఇదేదో గొప్ప కోసం చెప్పుకోవడం కాదు, మా అవ్వ, అంటే మా అమ్మ, దీన్ని రోగం కిందే లెక్కేస్తుంది. సూరత్‌లో మా సంఘం భవనం మెట్లెక్కగానే ఎదురుగా గోడకి ఒక నల్లరాయి ఉంటుంది. దాని మీద చెక్కిన పేర్లలో అన్నిటికన్నా పెద్ద పేరు మీద నాకు చాలా ఏళ్ల పగ. దాన్ని తీర్చుకోవడానికి సుత్తీ ఉలీ అవసరం రాలేదు. వెబ్ పేజీలో లింకు సైజు ఎలా పెంచాలో, ఎలా తగ్గించాలో తెలిసి ఉండటమే సరిపోయింది.

ముందు రాయి సంగతి చెప్పాలి.

మావాళ్లంతా కరీంనగర్ వైపు పల్లెల నుంచి సాంచాలు నడపడానికి ఇక్కడికి వచ్చినవాళ్లు. సాంచా అంటే మరమగ్గం, బాపు అంటే నాన్న. మా బాపు పెళ్లికి ముందే వచ్చాడు. అమ్రోలిలో ఒకే గదిలో అయిదారుగురు కలిసి ఉండేవాళ్లు. ఆ గదిలో బాపుతో పాటు ఉన్నవాడే తర్వాత మా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన సాంచా దగ్గర మొదలుపెట్టి సొంత కార్ఖానా దాకా ఎదిగాడు. బాపు సాంచా దగ్గరే ఉండిపోయాడు. దాని గురించి నాకేం కోపం లేదు. ఒకరు ఎదుగుతారు, ఒకరు ఎదగరు. ఎదిగినవాడు కిందకి చూసి నవ్విన దగ్గరే నాకు పేచీ.

సాంచాల మోతలో ఏళ్ల తరబడి నిలబడితే చెవులు పోతాయి. బాపుకీ పోయాయి. తనకు వినపడదు గనుక లోకానికీ వినపడదేమో అన్నట్టు గట్టిగా మాట్లాడతాడు. మా ఇంట్లో రహస్యమనేది నిలవదు. కూరలో ఉప్పు తక్కువైనా మేముండే చాల్‌లో అన్ని గదులకీ తెలిసిపోతుంది.

సంఘం భవనం కట్టేటప్పుడు ఉన్నవాళ్లు చందా ఇచ్చారు, లేనివాళ్లు ఒళ్లు వంచారు. బాపు ఒళ్లు వంచాడు. కార్ఖానా సెలవు రోజు పొద్దున్నే లేచి వెళ్లి ఇటుకలు మోసేవాడు, కట్టిన గోడలు తడిపేవాడు, స్లాబు వేసిన రోజు తట్టలు అందించాడు. ఆ ఎండాకాలమంతా సెలవు రోజున మాకు బాపు దొరకలేదు. ఒక సాయంత్రం అధ్యక్షుడు మా గదికి వచ్చి, చాయ్ తాగి, బాపు భుజం మీద చెయ్యి వేసి, రాయి మీద పైసలిచ్చినవాళ్ల పేర్లే కాదు, చెమటోడ్చినవాళ్ల పేర్లు కూడా పడతాయని మాటిచ్చాడు. నేను అక్కడే కూర్చుని లెక్కలు చేసుకుంటూ విన్నాను. ఆ మాటని బాపు పక్క గదివాళ్లకి, పాలవాడికి, చివరికి తెలుగు ముక్క రాని గుజరాతీ ఇంటి ఓనరుకి కూడా చెప్పాడు.

రాయి తెరిచిన రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అప్పుడు నేను పదో తరగతి. మావాళ్లలో రాయి మీద పేరు చెక్కడానికి ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎంత పెద్దవాళ్లో వాళ్ల అక్షరం అంత పెద్దది. గుడి కట్టినా, సత్రం కట్టినా, నీళ్ల ట్యాంకు కట్టినా ఇదే. ఎవరూ ఎవరికీ నేర్పకపోయినా అందరికీ తెలుసు. పరదా లాగగానే అధ్యక్షుడి పేరు జానెడేసి అక్షరాలతో, బంగారు రంగు పూసుకుని బయటపడింది. దాని కింద కార్యవర్గం, వాళ్ల కింద పెద్ద చందాలవాళ్లు, ఇంకా కింద చిన్న చందాలవాళ్లు. దిగేకొద్దీ అక్షరం చిక్కిపోయింది.

బాపు చదువు అంతంత మాత్రం. తెలుగు అక్షరాలని వేలితో తడుముతూ ఒక్కొక్కటే కూడబలుక్కుంటాడు. అందరూ భోజనాలకి లైను కడుతుంటే ఆయన రాయి ముందు నిలబడి, పైనుంచి వేలు పెట్టి కిందకి వస్తున్నాడు. అట్టడుగుకి వచ్చాడు. మళ్లీ పైకి వెళ్లాడు. మళ్లీ దిగాడు. వెనకవాళ్లు జరగమంటున్నది ఆయనకి వినపడటం లేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లాగాల్సింది గానీ, నాకూ పేరు దొరుకుతుందనే ఆశ.

అధ్యక్షుడు చూసి దగ్గరకి వచ్చాడు. వెతకడాన్ని మావాళ్లు దేవులాడటం అంటారు. బాపు చెవి దగ్గర నోరు పెట్టి, ఆయనకి వినపడేలా, అంటే హాలు మొత్తానికి వినపడేలా అన్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్‌రా? ఇతరులల్ల ఉన్నవ్ పో."

అప్పుడు చూశాను. రాయి అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, 'మరియు ఇతరులు' అని ఉంది. లైనులో ఉన్నవాళ్లంతా నవ్వారు. బాపు కూడా నవ్వాడు. రాయి మీద పెట్టిన వేలు తీసి, ప్యాంటుకి తుడుచుకుని, వెళ్లి లైను చివర నిలబడ్డాడు. బాపు అలా నవ్వకుండా ఉంటే నేను ఏనాడో మర్చిపోయేదాన్నేమో. ఆ నవ్వు నాకు ఇప్పటికీ జీర్ణం కాలేదు.

ఇంటికొచ్చాక అవ్వ ఒకటే మాట అంది. మీ నాయినే పట్టించుకోలేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంది. బాపు కూడా పోనియ్ బిడ్డా అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో రాయి మాట రాలేదు. బాపు మర్చిపోయాడనే అనుకున్నాను. నేను మాత్రం మర్చిపోలేదు.

తర్వాత నేను కంప్యూటర్ చదువు చదివి, రింగ్ రోడ్‌లో ఒక చీరల మార్కెట్ పై అంతస్తులో ఉన్న చిన్న ఆఫీసులో చేరాను. హోల్‌సేల్ షావుకార్లకు వెబ్‌సైట్లు తయారుచేయడం మా పని. కింద చీరల మూటలు దిగుతుంటాయి, పైన మేము ఆ చీరల ఫొటోలు తెరకెక్కిస్తుంటాం. అక్కడ నాకు మొదట అర్థమైంది ఏంటంటే, రాయి మీద ఉన్న లెక్కే వెబ్ పేజీలోనూ ఉంది. కొత్త మాలు చూపించే లింకు అరచేయంత ఉండాలంటాడు షావుకారు. మాలు వాపసు ఇచ్చే లింకు కావాలంటే భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఏది జనం కంట పడాలో, ఏది పడకూడదో చెప్పేది సైజే. ఆ సైజుని నడిపించేది సీఎస్ఎస్. పేజీలో ఏముందన్నది వేరే చోట రాస్తాం. అది ఎంత పెద్దగా, ఏ రంగులో, ఎక్కడ కనపడాలన్నది సీఎస్ఎస్‌లో రాస్తాం.

లింకు సైజంటే చాలామంది అక్షరం సైజే అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. అక్షరం చుట్టూ ఇంకో సైజుంటుంది. దాన్ని పాడింగ్ అంటాం. అది కంటికి కనపడని జాగా. చిన్న అక్షరాల లింకుకైనా చుట్టూ జాగా ఇస్తే వేలు ఎక్కడ పడినా లింకు అందుకుంటుంది. జాగా లేని లింకు మీద మాత్రం సూది మొన పెట్టినట్టు గురిచూసి ఒత్తాలి. ఇంకో చిక్కుంది. జాగా కనపడదు కదా అని ఒకదానికి ఇష్టమొచ్చినట్టు పెంచుకుంటూ పోతే, అది పక్కవాళ్ల నెత్తిన ఎక్కి కూర్చుంటుంది. అక్షరం పక్కవాడిదే కనపడుతుంది, ఒత్తితే మాత్రం పెద్దవాడి పేజీ తెరుచుకుంటుంది. నాకీ సంగతి తెలిసినప్పుడు ఎవరు గుర్తొచ్చారో చెప్పక్కర్లేదు.

మూడోది కూడా చెప్పాలి, నా పగకి అదే ఆయుధం. తెర వెడల్పుని బట్టి సైజులు మార్చమని సీఎస్ఎస్‌కి చెప్పొచ్చు. వెడల్పు తెర మీద ఒకలా, ఫోను మీద ఇంకోలా. ఏది పెద్దది, ఏది చిన్నది, ఏది ముందు, ఏది వెనక, అన్నీ. ఒకే పేజీ రెండు ముఖాలతో బతుకుతుంది. రింగ్ రోడ్ షావుకార్లకి ఒక అలవాటుంది. వెబ్‌సైట్ బాగుందో లేదో వాళ్లు తమ కేబిన్‌లో ఉన్న పెద్ద కంప్యూటర్ తెర మీద చూసి ఒప్పుకుంటారు. కుర్చీలో వెనక్కి వాలి, లెక్కలు రాసే మునీమునీ బావమరిదినీ పక్కన నిలబెట్టుకుని చూస్తారు. కొనేవాళ్లేమో ఎక్కడో ఊళ్లలో దుకాణాల ముందు నిలబడి ఫోనులో చూస్తారు. ఫోనులో ఎలా ఉందో చూడాలని ఆ షావుకార్లకి తోచదు. కేబిన్‌లో పెద్దగా కనపడితే లోకమంతా పెద్దగా కనపడినట్టే వాళ్లకి.

మా అధ్యక్షుడూ సూరత్ నీళ్లు తాగినవాడే.

ఈ మధ్య సంఘానికి వెబ్‌సైట్ కావాలనుకున్నారు. నిజానికి దానితో పని ఉంది. ఎవరికైనా ఆపద వస్తే ఏ ఊరివాళ్లు ఎక్కడున్నారో తెలియక తిప్పలు పడుతున్నారు. ప్రతి ఇంటి పెద్ద పేరూ ఒక లింకు. ఆ పేరు ఒత్తితే ఆయన ఫొటో, ఊరు, ఫోన్ నంబరు వస్తాయి. అధ్యక్షుడు నన్ను కబురు పెట్టి పిలిపించాడు. మన బిడ్డవి, సేవ అనుకుని చెయ్యి అన్నాడు. అప్పుడు మా గదికొచ్చి చాయ్ తాగిన మనిషి కాదు, పూర్తిగా మారిపోయాడు. వేళ్లకి ఉంగరాలు, బార్డోలీ దగ్గర చెరుకు తోట, ఎదురుగా ఉన్నవాళ్లు లేచి నిలబడేదాకా మాట మొదలుపెట్టని అలవాటు. పేర్లు ఎలా పెట్టాలని నేను అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రాయి మీద ఎట్లున్నదో గట్లనే ఉండాలె. బరాబర్ గట్లనే."

తన పేరు పైన, బంగారు అంచుతో, అన్నిటికన్నా పెద్దగా. కింద కార్యవర్గం. మిగతా అందరూ చిన్న అక్షరాల్లో పక్కపక్కనే, ఒక్క పేజీలో సర్దుకోవాలి. నేను సరే కాకా అన్నాను. అందరూ కాకా అంటారు, నేనూ అంటాను. అన్నంత మాత్రాన బాబాయి అయిపోడు.

మొదట ఆయన చెప్పినట్టే చేశాను. నిజం. పగ ఉంది గానీ పథకం లేదు. బంగారు అంచు బాగా కనపడాలని ఆయన పేరు చుట్టూ జాగా బాగా పెంచాను. కింద సభ్యుల పేర్లు బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలి, అంత చిన్నవి. సాయంత్రం బాపు పనినుంచి వచ్చి చాయ్ తాగుతుంటే ఫోను చేతికిచ్చి, ఇందులో నీ పేరుంది చూడు అని చెవి దగ్గర చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. కళ్లద్దాలు తెచ్చుకున్నాడు.

సాంచా మీద తెగిన పోగులు అతికి అతికి బాపు వేళ్ల కొసలు బండబారిపోయాయి. ఆ బండ వేలిని పేర్ల మీద పైనుంచి కిందకి జరుపుతూ ఉంటే నాకు నల్లరాయి గుర్తొచ్చింది. ఈసారి పేరు దొరికింది. ఆయన మొహం వెలిగింది. దొరికిన పేరుని ఒత్తాడు. అధ్యక్షుడి ఫొటో వచ్చింది, దండ వేసుకుని. వెనక్కి వచ్చి మళ్లీ ఒత్తాడు. మళ్లీ అధ్యక్షుడే. వేలు తుడుచుకుని, కొస నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ఒత్తాడు. అధ్యక్షుడు.

ఎందుకో నాకు తెలుసు. అధ్యక్షుడి పేరు చుట్టూ నేనిచ్చిన జాగా కింది వరసల మీదకి దిగి కూర్చుంది. బాపు పేరు దాని కింద పడి ఉంది. తప్పు నాది, అధ్యక్షుడు కోరిన అంచుది. బాపుకి ఇవేవీ తెలియవు. ఫోనుని చొక్కాతో తుడిచి, పాడుచేశానేమో అన్నట్టు జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

"ఏది ఒత్తినా గీయ్ననే అస్తుండు బిడ్డా. నా ఏలు మంచిగ లేదు."

తప్పు తన వేలిదనుకున్నాడు. ఆ వేలితో నన్ను చదివించాడు. ఆ వేలితో ఆ భవనం గోడలకి నీళ్లు పట్టాడు. ఆ రోజు రాయి మీద పేరు లేకపోతే నవ్వి ఊరుకున్నాడు, ఈరోజు తెర మీద పేరుండీ అందకపోతే తన వేలిని తిట్టుకుంటున్నాడు. ఈసారి పోనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో నా పని త్వరగా ముగించి కూర్చున్నాను. ఆ రోజు రాసినంత ముచ్చటగా సీఎస్ఎస్ అంతకుముందు ఎవరికీ రాయలేదు. వెడల్పు తెర మీద ఏమీ ముట్టుకోలేదు. అధ్యక్షుడు రాజులా పైన కూర్చుని ఉన్నాడు. తెర ఫోనంత అయితే మాత్రం లెక్క తలకిందులు. సభ్యులందరి పేర్లూ ఒక్కో వరసకి ఒక్కటిగా, పోగులు అతికే బొటనవేలు నిశ్చింతగా పడేంత పెద్దవి. ఏ పేరు చుట్టూ ఎంత జాగా ఉండాలో నా వేలితో కాదు, బాపు వేలిని గుర్తుచేసుకుని పెట్టాను. ఆ పేర్లన్నీ ముందు. కార్యవర్గం వెనక. అట్టడుగున అధ్యక్షుడు. ఆయన అక్షరం చీమ తలకాయంత. ఆయన చుట్టూ జాగా సున్నా.

అంతటితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. సభ్యుల్లో ఆఖరి పేరు బాపుది పెట్టి, దానికి కిందివైపు మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ జాగా ఇచ్చాను. ఆ కనపడని జాగా కార్యవర్గం పేర్ల అడుగు నుంచి దిగి అధ్యక్షుడి పేరు మీద కూర్చుంది. పొరపాటున కాదు, కావాలనే. చివరికి, పెద్ద తెర మీద కనపడకుండా, ఫోనులో మాత్రమే కనపడేలా, కార్యవర్గానికీ అధ్యక్షుడికీ పైన ఒక శీర్షిక పెట్టాను. 'మరియు ఇతరులు.'

పాము పగ అంటారే, అది నన్ను చూసే అన్నారేమో అనిపించింది. భయం మాత్రం వేసింది. బాపు ఈ మనుషుల మధ్యే బతకాలి. రేపు నా పెళ్లి జరగాలన్నా సంఘం హాలే, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయినా నలుగురూ వచ్చేది ఆ సంఘం నుంచే. అధ్యక్షుడు ముందే పసిగడితే రెండు మాటలతో అంతా సరిచేయించుకుంటాడు, బాపు పేరు మళ్లీ ఆయన కిందకి పోతుంది. ఈ సారి పోతే మళ్లీ రాదు.

ఒప్పుదల కోసం ఆయన కార్ఖానా ఆఫీసుకి వెళ్లాను. ఏసీ గది, గోడకి దేవుళ్ల పటాలు, బల్ల మీద నేను ఊహించినదానికన్నా వెడల్పైన తెర. నాకు ఆ తెరని చూసి దండం పెట్టాలనిపించింది. పేజీ తెరిచాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మునీముని పిలిచి చదివించుకున్నాడు. ఇంకా జర పెద్దగ రావాలన్నాడు. అక్కడే కూర్చుని పెంచాను. ఇంకా అన్నాడు. ఇంకా పెంచాను. పేరు తెరకి ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది. ఇంకొంచెం పెంచనా కాకా అని నేనే అడిగాను. పేరు గొప్ప ఊరు దిబ్బ అనే సామెతను మనసులోనే అనుకుని, మొహం మాత్రం వినయంగా పెట్టుకున్నాను. లేవబోతుంటే ఆయన ఫోన్లో కూడా వస్తుందా అని అడిగాడు. వస్తుంది కాకా, ఫోన్లో అందరికీ వస్తుంది అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆయన తల ఊపి, నాకు లస్సీ తెప్పించాడు. తాగాను.

సంఘం వార్షికోత్సవం రోజున, పూజ అయ్యాక, భోజనాలకి ముందు వెబ్‌సైట్ తెరవాలని పెట్టుకున్నారు. వంటశాల నుంచి బగారా అన్నం వాసన వస్తోంది. ముందు వరసల్లో ఆడవాళ్లు, వెనక మగవాళ్లు. సాంచాలవాళ్లు కూడిన చోట మాట్లాడుకుంటున్నారో కొట్లాడుకుంటున్నారో కొత్తవాళ్లకి తెలియదు, అంత గట్టిగా మాట్లాడతారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేజీకి దగ్గర్లో, నా ల్యాప్‌టాప్ పెట్టిన బల్ల పక్కనే కూర్చున్నాడు. నేను ఆయనకి ఏమీ చెప్పలేదు. చెబితే ఊరంతా వినేది.

అధ్యక్షుడు మీట నొక్కాడు. ప్రొజెక్టర్ వెలుగులో గోడ మీద ఆయన పేరు నిండుగా పరుచుకుంది. చప్పట్లు కొట్టారు. ఆయన మైకు తీసుకుని, సమాజం ఎలా ఎదిగిందో, అందులో తన కష్టం ఎంతో చెప్పాడు. చెబుతూ చెబుతూ, ఇక అందరూ మీ మీ ఫోన్లలో చూసుకోండని ఆయనే అన్నాడు. కార్యదర్శి గ్రూపులో లింకు పంపించాడు. హాలంతా తలలు వంగాయి.

మొదట వెనక వరసల్లో ఒకాయన, నా పేరున్నదిరో అన్నాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఎవరి మాటలు ఎవరికీ వినపడలేదు. కళ్లద్దాలు మరిచి వచ్చినవాళ్లకి కూడా పేర్లు కనపడుతున్నాయి. ఒత్తితే ఎవరి ఫొటో వాళ్లకి వస్తోంది. పక్కవాళ్ల ఫోన్లు లాక్కుని వాటిలోనూ తమ పేరు ఒత్తి చూసుకుంటున్నారు. ఆడవాళ్లు భర్తల పేర్లు పైకి చదవకుండా, చూపుడువేలితో ఒత్తి నవ్వుకుంటున్నారు. బాపు కూడా నా ఫోను తీసుకుని కిందకి జరుపుతూ తన పేరు దగ్గర ఆగాడు. ఒక్కసారి ఒత్తాడు. తన ఫొటోనే వచ్చింది. ఆయన ఆ ఫొటోని చూస్తూ ఉండిపోయాడు. నేను ఆయన వేలినే చూశాను. దానికేమీ కాలేదు, మంచిగానే ఉంది.

ముందు వరసలో అధ్యక్షుడి భార్య కూర్చుని ఉంది. ఆమె ఫోను పైకీ కిందకీ చాలాసేపు జరిపింది. పక్కావిడ కూడా సాయం పట్టింది. చివరికి ఇద్దరూ ఒకచోట ఆగారు. ఆమె అమాయకంగా, దొరికిందన్న సంబరంతో, మొగుడికి వినపడాలని గొంతెత్తి చెప్పింది.

"ఇగో, ఇతరులల్ల ఉన్నవ్ సూడు."

ఆ మాట నేను ఆమెకి నేర్పలేదు. అక్కడ రాసి ఉన్నదే చదివింది. ఎంత ప్రేమగా చదివిందో ఆమెకి దండం పెట్టాలి. హాలులో పాతవాళ్లు కొందరు తలలెత్తారు. రాయి తెరిచిన రోజు లైనులో నిలబడి నవ్వినవాళ్లే. వాళ్లకి గుర్తొచ్చినట్టుంది, ఒకరిద్దరు రాయి ఉన్న వైపు చూశారు.

అధ్యక్షుడు స్టేజీ దిగి కార్యదర్శి ఫోను అందుకున్నాడు. ఎత్తి పట్టుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి, తన పేరు వెతుక్కున్నాడు. ఉంగరాల వేలితో ఒత్తాడు. బాపు ఫొటో వచ్చింది. మళ్లీ ఒత్తాడు. మళ్లీ బాపే, ఇస్త్రీ చొక్కాతో. ఫోను ఖరాబైందనుకుని ఇంకొకరి ఫోను తీసుకున్నాడు. అందులోనూ బాపే. ఆయన ఎన్నిసార్లు ఒత్తితే అన్నిసార్లూ నాకు మనసు చల్లబడింది. అంత సుఖం నాకు మొదటి జీతం నాడు కూడా కలగలేదు.

నా బల్ల దగ్గరకి వచ్చాడు. మొహం నల్లబడింది గానీ గొంతు తగ్గించుకునే మాట్లాడాడు. ఏంటిది అని అడిగాడు.

"మీరు జెప్పినట్టే జేసిన కాకా. పెద్ద తెర మీద మీరే పెద్ద," అన్నాను.

ఆయన గోడ మీద ఉన్న తన పేరు వంక చూశాడు, చేతిలో ఉన్న ఫోను వంక చూశాడు. రెండూ ఒకే పేజీ అని ఆయనకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు పెరిగింది. ఇప్పుడే, ఇక్కడే, ఫోనులో కూడా తన పేరు పెద్దది చెయ్యమన్నాడు. చెయ్యకపోతే మీ నాయన ఈ హాలు మెట్లెక్కడని కూడా అన్నాడు. నా చేతులు ల్యాప్‌టాప్ మీదే ఉన్నాయి. చేస్తే క్షణం పని. నిజం చెప్పాలంటే అప్పుడు నా ధైర్యం సగం జారింది. మెట్లెక్కవలసింది నేను కాదు కదా, బాపు.

బాపుకి ఏదీ వినపడలేదు. అధ్యక్షుడి పెదాలు, నా మొహం చూసి ఏదో జరుగుతోందని మాత్రం గ్రహించాడు. ఏమంటుండు అని నన్ను అడిగాడు. నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, అధ్యక్షుడికి తన పేరు దొరకడం లేదట, పెద్దది చెయ్యమంటున్నాడు, లేకపోతే నిన్ను మెట్లెక్కనివ్వడట అని చెప్పాను. బాపుకి వినపడాలంటే హాలుకి వినపడక తప్పదు. అందరూ మా వైపు తిరిగారు.

బాపు పోనియ్ బిడ్డా అంటాడనుకున్నాను. ఎప్పుడూ అనేది అదే. అలా అంటే మార్చేద్దామని నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అధ్యక్షుడిని తేరిపార చూశాడు. తర్వాత నాతోనే, ఎప్పటిలాగే ఊరంతా వినేట్టు అన్నాడు.

"వద్దు. గట్లనే ఉండనియ్. దేవులాడనియ్. నేను దేవులాడలేదా?"

హాలు నవ్వింది. అధ్యక్షుడు నవ్వలేదు. ఈసారి బాపు కూడా నవ్వలేదు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.